వాన వెలిసినా కొండ కుదుటపడదు

"వాన వెలిసిందిగా, ఇంకా ఘాట్ రోడ్డు మూశారేం?" అని తిరుపతిలో పెద్దలు విసుక్కోవడం మీరు వినే ఉంటారు. పసిపిల్లలతో అలిపిరి దగ్గర గంటల తరబడి నిలబడడం కష్టమే, కాదనను. అయినా ఆ విసుగు సరికాదు.

2021 నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు తిరుమల కొండలను ముంచెత్తాయి. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిన్నది. పైకి వెళ్ళే రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడింది మాత్రం డిసెంబరు 1న.

ఈ కొండల పైభాగం క్వార్ట్‌జైట్ శిల. ఎంతో గట్టిది, నీరు దానిలోకి ఇంకదు. కాని దాని నిండా నిలువు పగుళ్ళున్నాయి. చెట్ల వేళ్ళు వాటిని ఇంకా వెడల్పు చేస్తాయి. వాన నీరు అందులోకి దిగి నిలుస్తుంది. 10 మీటర్ల లోతున్న పగులు నీటితో నిండితే అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు 10 టన్నుల బరువంత ఒత్తిడి! ఆకాశం తేటపడగానే ఆ నీరు పోదు.

హిమాలయాల్లో మంచుదీ ఇలాంటి కథే. చలికాలం మొదట్లో పడిన పలుచని మంచు చక్కెర పలుకుల్లా మారి, ఒకదానికొకటి అంటుకోకుండా ఉండిపోతుంది. దానిమీద కొత్త మంచు పేరుకుంటే, ఎండ కాసే రోజునైనా మొత్తం జారిపోవచ్చు.

కొండకు ఉక్కు వలలు కట్టవలసిందే. కాని దారి తెరిచేముందు పగుళ్ళలో ఊట తగ్గిందా, చిన్న రాళ్ళు రాలడం ఆగిందా అని చూడాలి. ఈసారి ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే, ఆ 10 టన్నుల లెక్క మీరే కట్టి చూపండి.