కార్ల దారిలో ఒక వరుస... సైకిళ్లకిచ్చారు!

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బ్రిడ్జి మీద 2021 సెప్టెంబరు 14న ఓ విశేషం జరిగింది. మన్‌హట్టన్‌ వైపు వెళ్లే కార్లకున్న మూడు వరుసల్లో ఒకదాన్ని తీసేసి, పక్కన కాంక్రీటు దిమ్మెలు పేర్చి సైకిళ్లకు వదిలేశారు. కొత్తగా కట్టిందేమీ లేదు. ఉన్న చోటునే మళ్లీ పంచారు, అంతే!

నిజానికి ఈ వంతెన పుట్టేనాటికి కార్లే లేవు. 1883 మే 24న ప్రారంభించినప్పుడు అటూ ఇటూ గుర్రబ్బండ్లు, మధ్యలో ఎత్తున నడిచేవాళ్లకు ప్రత్యేకంగా ఓ బాట. కిక్కిరిసిన నగరంలో జనం కాస్త గాలి పీల్చుకుంటూ నడవాలన్నది రూపశిల్పి జాన్ రోబ్లింగ్ కోరిక. నడిచి దాటడానికి ఒక సెంటు రుసుము.

కానీ ఆరు రోజులకే ఘోరం జరిగిపోయింది. మే 30 సెలవురోజు. ఇసకేస్తే రాలని జనం. మెట్ల దగ్గర ఒకామె కాలుజారి పడింది. ఎవరో కేక వేశారు. వంతెన కూలిపోతోందన్న వదంతితో తొక్కిసలాట... 12 మంది చనిపోయారు. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు. ఇరుకు మెట్ల దగ్గర అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకేసారి చేరడమే ప్రాణాలు తీసింది.

తర్వాత వంతెన మీదికి వచ్చిన రైళ్లు 1944లో, ట్రాములు 1950లో ఆగిపోయాయి. ఆ జాగా కాస్తా కార్ల పరమైంది. సైకిళ్లు పైనున్న నడకబాటకు చేరాయి. కొన్నిచోట్ల పదడుగులే ఉండే ఆ బాటలో మధ్యన ఓ గీత గీసి, ఇటు మీరు, అటు వాళ్లు అన్నారు. ఫొటో తీసుకునేవాళ్లకి గీత గుర్తుంటుందా? సైకిలిస్టు గంట కొట్టడం, పర్యాటకుడు ఉలిక్కిపడి పక్కకి గెంతడం... ఏళ్లతరబడి ఇదే తంతు. 2021 మార్పుతో నడిచేవాళ్లకు బాట మొత్తం దక్కింది. సైకిళ్లకిచ్చిన దారి మాత్రం ఇరుకేనన్న ఫిర్యాదు ఇంకా ఉంది. ఎదురెదురుగా వెళ్లాలి మరి.

మన హైదరాబాద్ సంగతికొస్తే, 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెనకు ఫుట్‌పాత్, సైకిల్ దారి మొదట్నుంచే ఉన్నాయి. అయినా ఫొటోల కోసం జనం రోడ్డు మీదికే రావడంతో పోలీసులు జరిమానాలు వేయాల్సి వచ్చింది. చూడముచ్చటగా కట్టినచోట జనం ఆగి చూస్తారు. ఆగడానికి కాస్త చోటు కూడా కట్టాలి కదా!

పాత వంతెనలది మరో కథ. ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డులేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. చాలాచోట్ల ఆ వెడల్పులోనే దీపస్తంభం, కేబుళ్ల గొట్టం, ఊడ్చి వదిలేసిన ఇసక. దాంతో పెద్దవాళ్లు సైతం బస్సుల పక్కన రోడ్డు మీదే నడుస్తారు. సురక్షితమైన ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పి, మార్గదర్శకాలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

సైకిల్ తొక్కేవాళ్లకు ఇంకా చిన్న చిన్న గండాలున్నాయి. వాననీళ్లు పోయే జాలీకి ఇనుప చువ్వలు నిలువుగా ఉంటే సన్నటి చక్రం అందులో ఇరుక్కుంటుంది. చువ్వలు అడ్డంగా ఉండేలా తిప్పి బిగిస్తే ఆ బాధ తప్పుతుంది. శ్లాబుల మధ్య సందుల దగ్గరా ఇదే ప్రమాదం. అక్కడ గరుకు పలక వేయొచ్చు. వాహనాల వేగమూ తగ్గించాలి. అరవైలో వచ్చే కారుని ముప్పైకి దించితే, ఢీకొన్నప్పుడు తగిలే శక్తి నాలుగోవంతుకు పడిపోతుంది.

అసలు చిక్కు వంతెన దిగేచోట. ఎడమ నుంచి మరో రోడ్డు వచ్చి కలిసేచోట సైకిల్ దారి ఉన్నట్టుండి మాయమవుతుంది. అద్దంలో వెనక చూసుకునే వీల్లేని సైకిలిస్టు అటు బస్సుకీ, ఇటు ఆటోకీ మధ్య పడతాడు. అక్కడ సిగ్నల్ పెట్టి సైకిళ్లను కొన్ని సెకన్లు ముందుగా వదిలే పద్ధతి కొన్ని దేశాల్లో ఇప్పటికే ఉంది.