పాట ఒకటే, పాఠాలు రెండు

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఒక్క అక్షరం తేడా కనిపించినా పుట అడుగున పాఠాంతరమని గుర్తు పెడతాడు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉన్నదో, ఏది సాధువో కారణాలతో సహా నిరూపిస్తాడు. పాటల దగ్గరకు వచ్చేసరికి మనకీ పట్టింపు ఉండదు. పేరు ఒకటైతే పాట ఒకటే అనుకుంటాం. పాప్ సంగీతంలో పాఠభేదాలను పట్టించుకునే కొద్దిమంది రసికులు సైతం ఒక అరిగిపోయిన సూత్రాన్నే వల్లిస్తుంటారు: ఆల్బమ్‌లో ఉన్నది కళాకారుడి హృదయం, సింగిల్‌గా వచ్చింది అంగడి సరుకు. బీటిల్స్ బృందపు "లెట్ ఇట్ బి" విషయంలో ఈ సూత్రం పూర్తిగా తలకిందులని నా వాదన.

సూత్రం ఊరికే పుట్టలేదు, నిజమే. 1967లో డోర్స్ బృందం పాడిన "లైట్ మై ఫైర్" ఆల్బమ్‌లో దాదాపు 7 నిమిషాల పాట. రేడియోల కోసం వేసిన సింగిల్ 3 నిమిషాల లోపే ముగుస్తుంది. నడుమనున్న ఆర్గన్, గిటార్ల సుదీర్ఘ వాదనను కోసేసి, తలను తెచ్చి తోకకు కుట్టారు. అక్కడ ఎవరైనా ఆల్బమ్ పక్షాన నిలవవలసిందే. అయితే ఒక పాటకు చెల్లిన తీర్పును పాటలన్నిటికీ శాసనం చేయడం ఏ న్యాయం?

"లెట్ ఇట్ బి" మూల ధ్వనిముద్రణ 1969 జనవరి 31న లండన్‌లో, ఆపిల్ సంస్థ భవనపు నేలమాళిగలో జరిగింది. పాల్ మెకార్ట్‌నీ గొంతు, అతని పియానో, బిల్లీ ప్రెస్టన్ ఆర్గన్: రెండు పాఠాలకూ పునాది ఇదే. ఏప్రిల్ 30న జార్జ్ హారిసన్ ఒక గిటార్ సోలో చేర్చాడు. 1970 జనవరి 4న మరొక సోలో, ఇత్తడి వాద్యాలు, చెల్లోలు, వంతపాట వచ్చి చేరాయి. ఈ సామగ్రితో జార్జ్ మార్టిన్ రూపొందించిన సింగిల్ 1970 మార్చి 6న వెలువడింది. అదే సామగ్రిని ఫిల్ స్పెక్టర్ మార్చి నెలాఖరులో మళ్ళీ కలిపాడు. అది మే 8న వచ్చిన ఆల్బమ్‌లోకి ఎక్కింది. కొత్తగా పాడినదీ లేదు, వాయించినదీ లేదు. సరుకులు ఒకటే, పాళ్ళు వేరు.

ఆ పాళ్ళలోనే ఉంది తేడా అంతా. సింగిల్‌లో ఇత్తడి వాద్యాలు దూరాన, వంతపాట దగ్గరగా వినిపిస్తాయి. హారిసన్ తొలి సోలో తిరిగే స్పీకరు గుండా రావడం వల్ల మెత్తగా వణుకుతూ, ఆర్గన్‌కు తోబుట్టువులా ఒదిగిపోతుంది. ఆల్బమ్‌లో ఇత్తడి వాద్యాలు ముందుకు దూకుతాయి, వంతపాట వెనక్కు తగ్గుతుంది. రింగో స్టార్ తాళాలకు ప్రతిధ్వని తగిలించారు. రెండవ సోలో పదునుగా, గరుకుగా చెవిని కోస్తుంది. చివరి పల్లవిలో ఒక పాదాన్ని అదనంగా తిప్పి పాడించారు. సింగిల్ 3 నిమిషాల 50 సెకన్లయితే, ఆల్బమ్ పాఠం 4 నిమిషాలు దాటుతుంది.

ఇక్కడ ఔచిత్యం ప్రశ్న వస్తుంది. మెకార్ట్‌నీకి పద్నాలుగేళ్ళ వయసులో, 1956లో, తల్లి మేరీ మరణించింది. బృందం విచ్ఛిన్నమవుతున్న రోజుల్లో ఆమె కలలో కనిపించి ఊరడించిందని, ఆ కలే పాటకు బీజమని ఆయన అనేకసార్లు చెప్పాడు. చనిపోయిన తల్లి బిడ్డను ఊరడించేది గుసగుసతోనే గాని బాకాలతో కాదు. మొలనూలు మెడకు కడితే అందం రాదని ఔచిత్యాన్ని చర్చిస్తూ క్షేమేంద్రుడు హెచ్చరించినది ఇలాంటి చోటే. పట్టు విడువమని బోధించే పాటను పట్టు విడువలేని చేతులతో ముగించాడు స్పెక్టర్. నా ఆక్షేపణ సారమంతా ఇదే.

పాటను కూర్చోబెట్టిన చోటు చూడండి. దానికి సరిగ్గా ముందు జాన్ లెనన్ పిల్లవాడి గొంతుతో చేసే పరిహాసం. ముగియగానే నావికులను దోచుకునే వేశ్య మీద లివర్‌పూల్ వీధిపాట "మ్యాగీ మే". ప్రార్థనకు ముందు వెక్కిరింత, వెనుక అల్లరి. సింగిల్‌లో ఈ పాట ఒక వైపంతా తనదిగా చేసుకుని ఒంటరిగా నిలిచింది.

ప్రతిపక్షం వాదాలు రెండు. ఆల్బమే కర్తల అభిమతమన్నది మొదటిది. ఏ కర్తల అభిమతం? స్పెక్టర్ ఆల్బమ్‌ను సిద్ధం చేసినప్పుడు పాట రాసి పాడిన మెకార్ట్‌నీ అక్కడ లేడు. ఆ ఆల్బమ్‌లోనే ఉన్న "ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్"కు స్పెక్టర్ చేసిన అలంకారాలను నిరసిస్తూ 1970 ఏప్రిల్‌లో ఆయన లేఖ రాశాడు. ఏడాదికి పైగా దిక్కులేక పడి ఉన్న టేపులకు స్పెక్టర్ ఒక రూపమిచ్చాడు, ఆ మేలు కాదనను. కానీ ఈ పాటకు ఆ సాయం అక్కరలేదు. అప్పటికే అది సింగిల్‌గా జనం చేతుల్లో ఉంది.

రెండవది శుద్ధివాదం: 2003లో వచ్చిన "లెట్ ఇట్ బి... నేకెడ్" ఈ మెరుగులన్నీ తీసివేసింది గనుక అదే అసలు పాఠమట. ఆ పాఠం కూడా 2003లో వేర్వేరు టేకులను కూర్చి తయారు చేసినదే. సింగిల్ నిరాడంబరమని నేనూ అనను, చెల్లోలు, బాకాలు అందులోనూ ఉన్నాయి. నేను కోరేది శుద్ధి కాదు, మోతాదు.

కొన్ని సెకన్ల తేడాకు ఇంత రాద్ధాంతమా అని అడిగేవారికి ఒక మాట. 1973 నాటి "1967–1970" సంకలనంలోనూ, 2000 నాటి "1" లోనూ ఉన్నది సింగిల్ పాఠం. "లెట్ ఇట్ బి" ఆల్బమ్ కొన్నవారు విన్నది స్పెక్టర్ పాఠం. ఇద్దరు అభిమానులు వేర్వేరు పాటలు విని, ఒకే పాట గురించి తగవులాడుకుంటున్నారు. మన పాత సినిమా పాటలదీ ఇదే గతి. 78 తిరుగుళ్ళ రికార్డు ఒక వైపున 3 నిమిషాలకు మించి పెద్దగా పట్టదు, అందువల్ల తెర మీద వినిపించే ఆలాపనో చరణమో రికార్డుకు ఎక్కని పాటలున్నాయి. ఏది విని మెచ్చుకుంటున్నామో చెప్పకుండా రాసే ప్రశంసకు విలువేమిటి?

పాటల గురించి రాసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. రాసే ముందు ఏ పాఠమో పేర్కొనండి, రెండవ పాఠాన్ని కూడా విని రాయండి. "లెట్ ఇట్ బి" రెంటినీ ఈ రాత్రే వెంటవెంటనే వినండి. స్పెక్టర్ పక్షాన నిలిచేవారుంటే కారణాలతో రండి, వాదించుకుందాం. ఆల్బమ్‌లో ఉంది గనుక గొప్పదన్న మాట మాత్రం కారణం కాదు.