గనిరాతి నీరు మన మడికి రాకముందే

పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల అను గ్రామము కలదు. ఆ చుట్టుపట్ల బండ్లమొట్టు కొండలో సీసము, నల్లకొండలో రాగి, ధూకొండలో ఈ రెండును కలిసి ఉన్నవని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. బండ్లమొట్టులో సీసపుగని కొంతకాలము నడచి మూతపడినది. నెల్లూరు సీమలో గరిమెనపెంట వద్దను, తెలంగాణములో కొత్తగూడెము వైపు మైలారము వద్దను రాగి, కడప జిల్లా జంగంరాజుపల్లె వద్ద సీసము, జింకు ఉన్నవి. ఇవి గనులశాఖవారి సంగతులు గదా, వ్యవసాయదారునకు వీటితో పనియేమి అని మీరడుగవచ్చును. వాన కొండమీద కురిసి చేనికి దిగును గనుక పని ఉన్నది.

రాగి, సీసము, జింకు భూమిలో ఎక్కువగా గంధకముతో కూడి రాయిగా ఉండును. కోట్ల సంవత్సరముల క్రిందట వేడియైన ఉప్పునీరు రాతిపగుళ్ళలో పారుచు, తనలో కరగియున్న లోహములను గంధకముతో చేర్చి అక్కడ పేరబెట్టినది. ఇట్లేర్పడిన సీసపురాయిని గెలీనా అందురు. బూడిదరంగుతో మెరయుచు నీటికంటె ఏడున్నర రెట్లు బరువుండును. నూరుపాళ్ళలో 86 పాళ్ళకు పైగా సీసమే. జింకురాయి స్ఫాలరైటు. రాగిరాయి చాల్కోపైరైటు ఇత్తడివలె పచ్చగా ఉండును. వీటితోపాటు తరచుగా కనిపించునది పైరైటు. ఇందులో ఇనుము, గంధకము తప్ప విలువైనదేమియు లేదు కనుక గనివారు దానిని పారవేయుదురు. మనకు తంటా తెచ్చునది ముఖ్యముగా ఈ పారవేసినదే.

భూమిలోపల గాలి తగలనంతకాలము ఈ రాళ్ళు ఎవరికిని అపకారము చేయవు. త్రవ్వి, పిండిచేసి బయట పోసిన తరువాత గాలి, నీరు తగిలి పైరైటులోని గంధకము గంధకామ్లముగా మారును. కంటికి కనబడని కొన్ని సూక్ష్మజీవులు ఈ పనిని ఎన్నోరెట్లు వేగిరపరచును. ఆ ఆమ్లము ప్రక్కనున్న రాళ్ళలోని రాగిని, జింకును కరగించుకొని పల్లమునకు దిగును. గని నడచుచున్నంతకాలము లోపలి నీటిని యంత్రములతో తోడివేయుదురు. గని మూసిన తరువాత తోడువారు లేక లోపల నీరు నిండి, ఎక్కడనో ఒకచోట ఊటగా బయటపడును. కావున గని మూతపడినది, ఇక భయము లేదు అనుకొనుట సరికాదు.

మన మెట్టప్రాంతములలో మరియొక విశేషము కలదు. వేసవిలో గనిమట్టి కుప్పలమీద తెల్లగా, ఒక్కొక్కచోట ఆకుపచ్చగా, నీలముగా ఉప్పు పొరకట్టును. అది నెలల తరబడి పేరుకొనిన లోహలవణము. తొలకరివానకు అదంతయు ఒక్కసారిగా కరగి వాగులో పడును. తొలకరినీరు చేనికి అమృతమని మనవారి నమ్మకము. అది నిజమే గాని, ఇట్టి కుప్పల క్రిందనున్న చేలకు ఆ మాట వర్తింపదు. ఆ మొదటి నీటిని మడికి, చెరువుకు మళ్ళింపక పోనిచ్చుట మేలు.

బోర్డో మిశ్రమము కలిపినవారికి ఈ శాస్త్రము సగము తెలిసినట్లే. మైలుతుత్తపు నీరు ఒంటిగా చల్లిన ఆకు మాడును. సున్నము చేర్చినచో రాగి కట్టుబడి ఆకు మాడదు. సున్నము చాలినదో లేదో చూచుటకు మెరయు ఇనుపకత్తిని ముంచుదుము. కత్తికి రాగి అంటినచో సున్నము చాలలేదని అర్థము. కొండలోను ఇదియే జరుగును. అగ్నిగుండాల ప్రాంతమున ఈ ఖనిజములు చాలవరకు డోలమైటు రాతిలో ఉన్నవి. అది సున్నపురాతికి చుట్టమే కనుక ఆమ్లమును విరిచివేయగలదు. అది మన అదృష్టమే. గనినీటిలో కూడ మీరు కత్తిని ముంచి చూడవచ్చును. రాగి అంటినచో ఆ నీరు పైరుకు పనికిరాదు. అయితే కత్తికేమియు అంటనంత మాత్రమున నీరు మంచిదని చెప్పరాదు. ఏలయనగా సున్నము రాగిని, సీసమును కట్టివేసినంత సులభముగా జింకును, దానితోకూడ వచ్చు కాడ్మియమును కట్టివేయలేదు.

ఈ కాడ్మియము గురించియే నేను ముఖ్యముగా చెప్పదలచినది. జింకురాతిలో ఇది సాధారణముగా ఒక శాతములోపే ఉండును. అంత కొంచెము వరిరైతులనేమి చేయగలదో జపానుదేశమున తొయామా రాష్ట్రపు జింజూనది ఒడ్డున తెలిసినది. ఆ నదికి ఎగువను కామియోకా అను సీసము, జింకు గని ఉండెడిది. రాతిని మెత్తగా నూరి, ఖనిజము తీసుకొని, మిగిలిన ఒండును నదిలోనికి వదలిరి. ఆ నదినీటితో దిగువ రైతులు వరి పండించిరి, ఆ నీటినే త్రాగిరి. పిల్లలను కన్న స్త్రీలకు, నడివయసు దాటినవారికి మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి, దగ్గినంత మాత్రమున ప్రక్కటెముకలు విరిగెడివి. వారు అరచిన అరపే జబ్బు పేరైనది. ఇతాయ్ ఇతాయ్ అనగా "అబ్బా నొప్పి, అబ్బా నొప్పి" అని అర్థము. ఆ ఊళ్ళలోని వైద్యుడు హగినో నొబోరు దీనికి కాడ్మియమే కారణమని 1961లో వెల్లడించెను. జపాను ప్రభుత్వము 1968లో ఒప్పుకొనినది. రైతులు వేసిన దావా 1971లో గెలిచి, అప్పీలులో 1972లో స్థిరపడినది.

ఇందులో భయంకరమైన విషయమేమనగా, పైరు చూపుకు పచ్చగానే ఉండును. మనిషికి కీడుచేయునంత కాడ్మియము గింజలో చేరినను వరి ఏ తెగులు చిహ్నమును చూపకపోవచ్చును. ఆకుచూచి చెప్పు విద్య ఇక్కడ పనిచేయదు.

నేలను బాగుచేయుటకు వారు పడిన శ్రమ చూడుడు. చెడిన మట్టిని లోపలికి పూడ్చి, పైన కొత్తమట్టి పరచుచు, 1979లో మొదలుపెట్టిన పని 2012 వరకు సాగినది. ఎనిమిదివందల హెక్టార్లకు పైగా మాగాణి ఇట్లు మార్చిరి. మన చిన్నరైతు తన రెండెకరములకు అట్టి పని ఎప్పటికి చేయగలడు?

వరిమడిలో నీటి యాజమాన్యమునకు, కాడ్మియమునకు దగ్గరి సంబంధము కలదు. మడిలో నీరు నిలిచినపుడు గాలి తగలక కాడ్మియము గంధకముతో కూడి మరల రాయివలె గట్టిపడును. నీరు తీసివేయగనే విడివడి వేళ్ళకు అందును. అందుచేత చెడిన నేలలలో ఈనిక ముందు మూడు వారములు, తరువాత మూడు వారములు నీరు నిలుపవలెనని జపానులో బోధింతురు. నీటిపొదుపు కొరకు ఆరుతడి పద్ధతిని మా శాఖవారము ప్రచారము చేయుచున్నాము, అది మంచిదే. కాని గనుల దిగువ నేలలలో పరీక్ష జరుపకుండ దానిని చెప్పుట తొందరపాటని నా అభిప్రాయము. నీరు నిలిపినచో కాడ్మియము తగ్గును గాని, నేలలో పాషాణము ఉన్నచో అది పెరుగును. కనుక నేలలో ఏమున్నదో ముందు తెలియవలెను.

ఇంత చెప్పినంత మాత్రమున జింకును విషమని త్రోసివేయకుడు. నాటిన రెండు, నాలుగు వారములలో వరి ఆకులపై తుప్పుమచ్చలు వచ్చి పైరు గిడసబారుట జింకు లోపమే. అట్టి నేలలో ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. భాస్వరపు ఎరువుతో కలుపరాదు. అయితే ఆ సంచిలోనిది కూడ ఈ రాతినుండి వచ్చినదే కావచ్చును. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము ఈ రకము జింకు సల్ఫేటులో 21 శాతమునకు తక్కువకాకుండ జింకు ఉండవలెను, సీసము 0.003 శాతమును, కాడ్మియము 0.0025 శాతమును మించరాదు. రశీదు లేకుండ చవుకగా అమ్ము సంచిని కొనకుడు.

ఇక గ్రామాధికారులకు నా మనవి. బండ్లమొట్టు క్రింది చేలు చెడిపోయినవని నేననుట లేదు. చెడలేదని ధైర్యముగా చెప్పుటకు ప్రతి చేనికిని కాగితము ఉండవలెనని మాత్రమే అనుచున్నాను. 2015 నుండి ఇచ్చుచున్న భూసార పరీక్ష పత్రములో 12 అంశములు కలవు. వాటిలో జింకు, రాగి ఉన్నవి. సీసము, కాడ్మియము లేవు. జింకు, రాగి కొలుచు యంత్రముననే దీపము మార్చి ఈ రెంటిని కూడ కొలువవచ్చును. రాష్ట్రమంతటికి అక్కరలేదు. పాత గనుల దిగువనున్న గ్రామములకు ఈ రెండు గడులు చేర్చుట ప్రభుత్వమునకు పెద్ద ఖర్చు కాదు. క్రొత్తగా గని తెరవదలచినచోట, మొదటి పార పడకముందే చుట్టుపట్ల నేల, బావినీరు పరీక్షించి ఆ లెక్కను గ్రామ రికార్డులో ఉంచవలెను. ముందటి లెక్క లేనివాడు తరువాత నష్టమును ఎట్లు నిరూపించును? జింజూ రైతులు 1972లో గెలిచినపుడు పరిహారముతో తృప్తిపడలేదు. నిపుణులను వెంటబెట్టుకొని గనిలో ప్రవేశించి తనిఖీచేయు హక్కును, ఆ ఖర్చు కంపెనీయే భరించునట్లు, వ్రాయించుకొనిరి. నాకు అన్నిటికంటె నచ్చినది ఆ షరతు.

గనిమట్టిని రోడ్డుకు, చెరువుకట్టకు, ఇంటి పునాదికి తోలనీయకుడు. సీసము నీటిలో అంతగా కరగక మట్టిలోనే నిలిచి, దుమ్ముగా పిల్లల నోటికి, పశువుల నోటికి చేరును. రాగికి గొర్రెలు మిగిలిన పశువులకంటె త్వరగా లోనగును గనుక కుప్పలమీద మేపరాదు.

నమూనా తీయుటలో ఒక మాట. భూసారమునకు మట్టి తీయునపుడు గట్టు, కాలువ, మడవ దగ్గర తీయవద్దని చెప్పుచుందుము. ఈ పరీక్షకు మాత్రము మడవ దగ్గర, నీరు మొదట తగులుచోట, 15 సెంటీమీటర్ల లోతువరకు వేరుగా ఒక నమూనా తీయుడు. జింజూ మడులలో కాడ్మియము ఎక్కువగా పేరుకొనినది అక్కడనే. సంచిమీద సర్వే నెంబరుతోపాటు "మడవ మట్టి" అని వ్రాసి, చేని మధ్యనుండి తీసిన సంచితో కలుపక పంపుడు.