పంటిని పట్టుకునే సిమెంటు

పిల్లలూ!

ఈ నెల ముందుగా మీకొక పని చెబుతాను. అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరవండి. కింది వరసలో సరిగ్గా మధ్య నుంచి మొదలుపెట్టి, ఒక పక్కగా పళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. ఒకటి, రెండు, మూడు... ఆరో పన్ను దగ్గర ఆగండి. వెడల్పుగా, పైన గుంటలు గుంటలుగా ఉన్న ఆ పన్ను మీకు సుమారు ఆరో ఏట వచ్చింది. అది పాలపన్ను కాదు. అది రావడానికి ఏ పన్నూ ఊడలేదు. పాలపళ్ళన్నిటికీ వెనకగా, ఎవరికీ చెప్పకుండా వచ్చి కూచున్నది. మీరు ముసలివాళ్ళయ్యేదాకా నమలవలసింది దానితోనే.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 1972లో నేను ఆరో తరగతి చదువుతుండగా నాకు ఆ పన్ను పుచ్చింది. రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. మా నాయనమ్మ లవంగం నలిపి పిప్పిలో పెట్టేది. నొప్పి కాసేపు తగ్గి, మళ్ళీ వచ్చేది. చివరకు మా నాన్న పన్ను పీకించేశాడు. "పాలపన్నేలేరా, మళ్ళీ వస్తుంది," అన్నారంతా. యాభై ఏళ్ళు దాటాయి. అది ఇంకా రాలేదు!

మొన్న రెండో తరగతి చదివే మా మనవరాలికి సరిగ్గా అదే పన్ను మీద నల్లని మచ్చ కనబడింది. ఈసారి ఆలస్యం చెయ్యలేదు. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పుచ్చిన భాగం తీసేసి, తెల్లని పొడిలో చిక్కని ద్రవం కలిపి, గబగబా ముద్దచేసి, ఆ గుంటలో నింపింది. ఇంటికి వస్తూ మా మనవరాలు, "తాతయ్యా, మన గోడ సిమెంటే పెచ్చులు ఊడిపోయింది గదా, పంటికి వేసింది ఊడిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్న! ఈ నెల మన పాఠం దానికి జవాబే.

పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మన ఒంట్లో అంతకన్న గట్టిది లేదు. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. దాని లోపల డెంటిన్ ఉన్నది. అందులో ఖనిజం నూటికి 70 పాళ్ళు. మిగతాది మాంసకృత్తులూ, నీరూ. డెంటిన్ నిండా వెంట్రుక కన్న ఎంతో సన్నని గొట్టాలు ఉంటాయి. అవి పంటి నడుమ ఉన్న నరం వైపుకు పోతాయి. ఈ రెండు పొరల్లోని ఖనిజంలోనూ ముఖ్యమైనవి కాల్షియం, ఫాస్ఫేటు.

మీరు తిన్న మిఠాయి పళ్ళ సందుల్లో మిగిలితే, నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని తిని ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటిలోని కాల్షియాన్ని కొంచెం కొంచెంగా ఎత్తుకుపోతుంది. నమ్మకం లేకపోతే, కోడిగుడ్డు పెంకు ముక్కను నిమ్మరసంలో వేసి చూడండి. సన్నని బుడగలు వస్తాయి. మర్నాటికి పెంకు మెత్తబడుతుంది. పెంకూ, పన్నూ ఒకటి కాదు; కాని రెండింటి బలమూ కాల్షియమే, రెండింటి శత్రువూ ఆమ్లమే.

పుచ్చిన చోట ఏం నింపాలి? మా నాయనమ్మ లవంగం ఉత్త చిట్కా కాదు. లవంగ నూనెలోని యూజినాల్ అనే పదార్థాన్ని జింకు ఆక్సైడు పొడిలో కలిపి వైద్యులు కూడా సిమెంటు చేస్తారు. అది నరాన్ని ఊరడిస్తుంది. కాని పంటితో దానికి చుట్టరికం లేదు. గుంటలో కూచుంటుంది, అంతే. వెండి, తగరం, రాగి పొడిలో పాదరసం కలిపిన అమాల్గం కూడా అంతే. అది జారిపోకుండా ఉండాలంటే, గుంటను కూజాలాగా మూతి దగ్గర ఇరుకుగా, లోపల వెడల్పుగా తొలవాలి. అంచేత పుచ్చిన భాగంతో పాటు మంచి పన్ను కూడా కొంత పోయేది.

పన్నును పట్టుకునే సిమెంటు కావాలని శాస్త్రజ్ఞులు వెతికారు. 1968లో ఇంగ్లండులో డెనిస్ స్మిత్ జింకు ఆక్సైడు పొడిలో పాలీఎక్రిలిక్ ఆమ్లం కలిపి అలాంటిది చేశాడు. లండనులోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో ఆలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ ఆ జింకు పొడికి బదులు ఒక రకం గాజు పొడి వాడి చూశారు. అలా పుట్టిన గ్లాస్ అయానమర్ సిమెంటు సంగతి 1972లో వైద్య పత్రికలో వెల్లడి అయింది. చూశారా! నా పన్ను పోయిన ఏడే అది. మా మనవరాలి పంటిలో ఉన్నదీ ఆ సిమెంటే.

అది పంటిని ఎలా పట్టుకుంటుంది? ఆ ఆమ్లం అణువు జెర్రిలాగా పొడుగ్గా, అనేక కాళ్ళతో ఉంటుందనుకోండి. పొడిలో కలపగానే అది గాజు రేణువుల అంచులు కరిగించి, వాటిలోని కాల్షియం, అల్యూమినియం అణువులను బయటికి లాగుతుంది. ఒక్కొక్క ధాతువును రెండు మూడు జెర్రుల కాళ్ళు పట్టుకుంటాయి. దాంతో అన్నీ ఒకదానికొకటి ముడిపడి, ముద్ద కొద్ది నిమిషాల్లోనే బిగుస్తుంది. మరికొన్ని కాళ్ళు పంటికి తగులుతాయి. అక్కడ కూడా కాస్త ఖనిజాన్ని కరిగించి, పంటిలోని కాల్షియాన్నే పట్టుకుంటాయి. అలా సిమెంటుకూ పంటికీ నడుమ, రెండింటి సొత్తూ కలిసిన ఒక సన్నని పొర ఏర్పడుతుంది. బలంగా లాగితే చాలాసార్లు సిమెంటే మధ్యలో విరుగుతుంది గాని, ఆ పొర పంటిని వదలదు.

పన్నును పాడుచేసింది ఆమ్లం. ఇప్పుడు సిమెంటును పంటికి కట్టి ఉంచుతున్నదీ ఆమ్లమే. ముల్లును ముల్లుతోనే తీయాలని పెద్దలు ఊరికే అనలేదు!

ఈ సిమెంటు మరొక మేలు కూడా చేస్తుంది. గాజులో ఉన్న ఫ్లోరైడు మొదటి రోజుల్లో ఎక్కువగా, తరవాత కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. అది పంటి ఖనిజంలో చేరితే, ఆ ఖనిజం ఆమ్లానికి అంత సులువుగా లొంగదు. మీరు ఫ్లోరైడు పేస్టుతో తోముకుంటే సిమెంటు అందులోంచి కొంత పీల్చుకుని, మళ్ళీ వదులుతుంది. ఐతే ఏదైనా మితంగానే మేలు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు ఎక్కువైన నీళ్ళు తాగి, పళ్ళు మచ్చలు పడి, ఎముకలు వంగినవారు ఎందరో ఉన్నారు. అంచేత పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగకూడదు.

ఇది పంటిని పట్టుకుంటుంది కాబట్టి గుంటను కూజాలాగా తొలవనక్కరలేదు. 1980ల నడుమ టాంజానియాలో వైద్యులు కరెంటు లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చు గీకి, దీన్ని నింపడం మొదలుపెట్టారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని ప్రోత్సహించింది.

కాని దీనికీ లోపాలున్నాయి. ఇది పెళుసు. గట్టిగా నమిలే చోట పెద్ద గుంటలో వేస్తే అరుగుతుంది, విరుగుతుంది. అక్కడ వేరే పదార్థాలు వాడతారు. బిగిసే సమయంలో తడి తగలకూడదు, మరీ ఎండిపోనూ కూడదు. అందుకే డాక్టరమ్మ పైన వాజిలైను పూసి, గంటసేపు ఏమీ తినవద్దన్నది. పుచ్చు నరం దాకా పోయి, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వచ్చాక ఈ సిమెంటు ఒక్కటే చాలదు. నా పంటికి అప్పుడు ఇది దొరికినా, అంత ఆలస్యం చేశాక ఉపయోగపడేది కాదేమో!

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లల ఆరో పన్ను మీద మచ్చ కనిపిస్తే, "పాలపన్నేలే" అనకండి. చుక్కగా ఉన్నప్పుడే చూపించండి. సిమెంటు పట్టుకోవాలంటే, పట్టుకోవడానికి పన్ను మిగలాలి గదా!

పిల్లలూ, ఇంట్లో ఆరేడేళ్ళ తమ్ముడో, చెల్లెలో ఉంటే ఈ రాత్రి అన్నం తిన్నాక దగ్గర కూచోబెట్టుకుని, ఆరో పన్ను వచ్చిందేమో లెక్కపెట్టి చూడండి.