బేసు గిటారునకు తంత్రులు

కుమార్తె విద్యుద్బేసు గిటారు నేర్చుచున్నదనియు, తంత్రులు మార్పవలసినపుడు అంగడిలో నేమి యడుగవలెనో తోచలేదనియు ఒక సోదరి మాకు వ్రాసినారు.

ముందుగా వాద్యమును కొలువుడు. మేరువునుండి గుఱ్ఱమువఱకు సాధారణముగా 34 అంగుళము లుండును. పొట్టిరకమున 30 మాత్రమే. ఈ కొలత తప్పినచో ఎంత వెలగల తంత్రియైనను వ్యర్థమే. నైలానుతంత్రి చౌకయని కొనకుడు. లోపలి అయస్కాంతమునకు ఉక్కు, నికెలు వంటి లోహముల కదలికయే తెలియును.

ఇక చుట్టు. గుండ్రనితీగ చుట్టిన తంత్రి ఖంగున మ్రోగును. కాని వ్రేలు జరిపినపుడు కీచుమనును, మెట్లను అరుగదీయును. చదునుపట్టీ చుట్టినది నునుపు. నాదము మృదంగపు తొప్పివలె గుమ్మనును, ఏండ్లతరబడి మన్నును. 1960వ దశకమున లాస్ ఏంజెలెస్ రికార్డింగుశాలలలో పేరువడసిన కెరోల్ కే యను వనిత ఈ చదునుతంత్రులనే వాడిరి. డిట్రాయిట్ వాదకుడు జేమ్స్ జేమర్సన్ అయితే, తెగినగాని తంత్రి మార్చెడివాడు కాడట! గృహిణులకు నచ్చు పద్ధతియే.

34 అంగుళముల వాద్యమునకు 0.045 మొదలు 0.105 అంగుళముల మందముగల నాలుగు తంత్రుల కట్ట చాలునని మా తలంపు. అంతకు లావైనవి బిగించినచో లాగుడు హెచ్చి కంఠము వంగును. దానిని సరిచేయించు వ్యయము వేఱు. బాలిక వాయించిన పిదప పొడిగుడ్డతో తంత్రులను తుడువవలెను. గుండ్రనిచుట్టు సందులలో చెమట నిలిచినచో నాదము త్వరలోనే మొద్దుబాఱును.