మందుకు ముందు కార్డు నడుగవలదు



హైదరాబాదులో నయాపూల్ దాటి మూసీనది ఉత్తరపుటొడ్డున నడుగిడిన బాటసారికి ఒక వంక ఉస్మానియా దవాఖానా గుమ్మటములును, వేరొక వంక బేగంబజారు దుకాణములకు సరకు చేరవేయు హమాలీల బండ్లును గోచరించును. ఆ బండ్లను లాగువారిలో పాలమూరు పల్లెలనుండి వచ్చినవారు కలరు; బీహారు, ఒడిశా, రాజస్థానములనుండి వచ్చినవారును కలరు. గోదాములలో మూటలు దించువారు, లారీల వెంట తిరుగు క్లీనర్లు, దుకాణము మూసిన పిదప దాని అరుగుమీదనే నడుము వాల్చు కూలీలు, లాడ్జీల చెంతను బస్సుస్టాండుల చెంతను దేహము నమ్ముకొని బ్రదుకు స్త్రీలు, హిజ్రాలు, వీరందరి రెక్కల కష్టముమీదను, కొందరి కన్నీటిమీదను అఫ్జల్‌గంజ్ నిలిచియున్నది. వీరిని రోగమును మోసికొని వచ్చువారుగా చూపుట మా యుద్దేశము కాదు. ఇల్లు విడిచి మాసములకొలది ఒంటరిగా నుండువాడు తన దేహధర్మమును ఊరిలో వదలి రాలేడను సత్యమును సిగ్గుపడక యొప్పుకొని, దానికి తగిన రక్షణను కోరుట మాత్రమే మా యుద్దేశము. హెచ్‌ఐవీ సోకకుండ ముందుగా వాడు మందును, ఏ కార్డును అడుగక, ఏ రుసుమును గొనక, ఉస్మానియాలో అర్హులగు వారికెల్ల ఇయ్యవలెనని ఈ కరపత్రము ప్రభుత్వమువారిని వేడుచున్నది.

ఈ మందు గాలిలోనుండి వచ్చినది కాదు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అను రెండు ఔషధములను కూర్చి చేసిన ఒక్క మాత్ర యిది. వైద్యులు దీనినే ప్రెప్ అందురు. అమెరికా దేశము 2012లో దీని వాడుకకు అనుమతి నిచ్చెను; ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో, సోకు ప్రమాదము అధికముగా గల వారికెల్ల దీనిని ఇయ్యవచ్చునని నిర్ణయించెను. దినమున కొక్కటి చొప్పున క్రమము తప్పక వాడినవారికి లైంగిక సంపర్కముచే వచ్చు హెచ్‌ఐవీని నూటికి 99 పాళ్లవరకు ఇది వారింపగలదు. కలకత్తా సోనాగాఛిలోను, మైసూరులోను, లైంగికవృత్తిలోని స్త్రీల సంఘములే పూనుకొని, వెయ్యిమందికి పైబడిన తమ సభ్యులకు దీనిని ఇచ్చి చూచినవి. చదువురాని వారు క్రమముగా మందు మింగలేరని కుర్చీలలో కూర్చుండి తీర్పు చెప్పినవారి మాటను ఆ స్త్రీలు తమ నడవడిచేతనే పూర్వపక్షము చేసిరి.

అయినను ప్రభుత్వ దవాఖానాలో అడిగినవారికి దీనిని ఉచితముగా నిచ్చు పద్ధతి మనయందింకను స్థిరపడలేదు. కొనువాడు మందుల దుకాణములో కొనుక్కొనవలసినదే. దినకూలితో బ్రదుకుచు, అందులోనుండి ఊరికి పంపవలసినవాడు, తనకు లేని రోగముకొరకు నెలనెలా మందు కొనునా? కొనడు. సోకిన పిదప మాత్రము, అదే ఉస్మానియా ప్రాంగణములోని హెచ్‌ఐవీ చికిత్స నిచ్చు ఏఆర్‌టీ కేంద్రమునందు, 2004 ఏప్రిల్ 1నుండి దేశమున అమలులో నున్న పద్ధతి ప్రకారము, జీవితాంతము ఉచితముగా మందు పొందును. రోగి అగువరకు వేచియుండి, రోగి అయిన మీదట ఆదరించు ఈ వింత దయను ఏమందుము? పైగా అచ్చట ఇచ్చు మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అను మూడు కలసియుండును. వానిలో మొదటిది ప్రెప్ మాత్రలోను ఉన్నదే. రెండవది ఎమ్‌ట్రిసిటబిన్‌కు బదులుగా నిలువగలదని ప్రపంచ ఆరోగ్యసంస్థయే చెప్పియున్నది. కొనుగోలు, రవాణా, నిలువ, పంపిణీ, ఈ దారులన్నియు వేయబడియే యున్నవి. లేనిదల్లా ఒక ఉత్తర్వు.

ఇచ్చట కొందరు, ఆరోగ్యశ్రీ యున్నది కదా, ఆయుష్మాన్ భారత్ యున్నది కదా అందురు. ఉన్నవి, వానిని మేము చులకన చేయము. కాని ఆరోగ్యశ్రీ తెలంగాణ కార్డు గల కుటుంబమునకు. కటక్ నుండియో గయ నుండియో వచ్చిన హమాలీకి అది యెక్కడిది? ఆయుష్మాన్ భారత్ రాష్ట్రముల సరిహద్దులు దాటి పనిచేయు మాట నిజమే, కాని అది మంచమెక్కిన వానికి అయిదు లక్షలవరకు చెల్లించు బీమా. ఆరోగ్యవంతుడు ఆరోగ్యవంతుడుగనే యుండుటకు దినమున కొకటి మింగు మాత్రకు ఈ రెంటిలో ఏదియు ఒక పైసయు నియ్యదు. కాబట్టి కార్డు గలవానికి సైతము కార్డువలన లాభము లేనిచోట, లేనివానిని కార్డు నడిగి వెనుకకు పంపుట నిష్ప్రయోజనమైన కాఠిన్యము. క్షయరోగికి మందు ఏ బీమాతోను పనిలేక ఇచ్చుచున్నారు. పల్స్ పోలియో దినమున బస్సుస్టాండులో నిలిచి, తల్లి చంకనున్న బిడ్డ ఏ రాష్ట్రపు బిడ్డయని విచారింపక నోటిలో చుక్కలు వేయుచున్నారు. బియ్యపు కార్డు సైతము ఇప్పుడు రాష్ట్రము దాటుచున్నది. బీహారు కూలీ హైదరాబాదు చౌకధరల దుకాణములో తన బియ్యము తెచ్చుకొనవచ్చునని 2021లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములకును గడువు పెట్టి మరీ చెప్పినది. అన్నమునకు లేని ఎల్ల ఔషధమునకేల?

చట్టము విషయమున దీర్ఘముగా చెప్పనవసరము లేదు. 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్సు నివారణ నియంత్రణ చట్టము, వ్యాధి వ్యాపింపకుండ తగిన చర్యలు తీసికొను బాధ్యతను కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు రెంటిమీదను మోపినది. వ్యక్తి వివరములు బయటపెట్టరాదని శాసించినది. 1996లో, రైలునుండి పడిన ఒక వ్యవసాయ కూలీని దవాఖానాలు ఒకదాని వెంట నొకటి త్రిప్పిపంపిన పశ్చిమబెంగాల్ ఉదంతమున, పడకలు లేవను సాకు ప్రభుత్వమునకు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చినది. అది అత్యవసర చికిత్స గూర్చిన తీర్పే యైనను, పేదవాని ప్రాణము పట్ల ప్రభుత్వ దవాఖానాకు గల ఋణము ఎట్టిదో అందు స్పష్టమే. ఇంగ్లండు దేశము 2012 అక్టోబరునుండి, తన పౌరుడు కానివానికిని హెచ్‌ఐవీ చికిత్స ఉచితముగా నిచ్చుచున్నది. విదేశీయునికి అక్కడ దొరకు ఆదరణ స్వదేశీయునికి ఇక్కడ దొరకకుండుట మనకు గౌరవము కాదు. మన కరీంనగరు, నిజామాబాదు బిడ్డలు గల్ఫు దేశములలో రక్తపరీక్షలో పాజిటివ్ అని తేలినంత మాత్రమున వెనుకకు పంపబడునప్పుడు మనకు కలుగు బాధను, మన వీధిలోని వలసకూలీ విషయమున మరచిపోరాదు.

ఉచితముగా నిచ్చిన నీతి చెడునని పెద్దలు కొందరు గొణుగుదురు. పరాయి ఊరి లాడ్జీలో జరుగు కార్యము మాత్ర దొరకదని ఆగినట్టు మేము వినలేదు. నిరోధ్ మానివేయుదురను ఆక్షేపణ దీనికంటె విలువైనది. ప్రెప్ సుఖవ్యాధులను, గర్భమును ఆపదు గనుక నిరోధ్‌ను దీనితోపాటు చేతిలో పెట్టి చెప్పవలెను. కార్డు అడుగరాదంటిమి గాని పరీక్ష అడుగరాదనలేదు. మందు మొదలిడుటకు ముందు హెచ్‌ఐవీ లేదని తేలవలెను. తెలియక సోకినవాడు ఈ రెండు మందులనే మింగినచో క్రిమి వానికి లొంగకపోవు ప్రమాదము గలదు. మూత్రపిండముల స్థితి, హెపటైటిస్ బి చూడవలెను. పిమ్మట మూడు నెలల కొకమారు మరల పరీక్షింపవలెను. తెలంగాణలో వయోజనులలో హెచ్‌ఐవీ ప్రాబల్యము జాతీయ సగటుకు రెండింతలకు పైగా నున్నదని 2021 అంచనా తెలుపుచుండగా, ఈ కొద్దిపాటి శ్రమకు మన దవాఖానా జంకవలసిన పని లేదు.

ఈ స్థలమునకు జంకు తగనే తగదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చివేసెను. దాని స్థానముననే ఉస్మానియా లేచినది. అంతకు ఇరువది యేండ్ల క్రిందటనే ఈ నగరమున నిజాం ప్రభుత్వము ఖర్చు భరించి క్లోరోఫారముపై జరిపించిన పరిశోధనలు లోకమంతట చర్చకు వచ్చినవి. ఈనాడు ఆరునెలల కొక్కమారు సూదితో నిచ్చు లెనకాపవిర్ అను కొత్త మందు వచ్చినది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో దానిని పొందిన 2134 మంది యువతులలో ఒక్కరికిని హెచ్‌ఐవీ సోకలేదు. దానిని ఏటికి మనిషికి 40 డాలర్లకు, 2027నుండి, 120 దేశములకు అందజేతుమని 2025లో ప్రకటించిన రెండు కంపెనీలు, హెటెరో, డాక్టర్ రెడ్డీస్, మన హైదరాబాదువే. నైరోబీకి ఓడ యెక్కు మందు నగరపు పొలిమేర దాటి అఫ్జల్‌గంజ్‌కు రాలేదన్న నవ్వు తెప్పించును. ఆ నవ్వు అంత మంచిది కాదు.

కావున ఉస్మానియాలోని పరీక్షా కేంద్రమునందే, సాయంకాలము హమాలీ పని దిగు వేళకు ఒక కిటికీ తెరవవలెను. పగలు వచ్చిన కూలి పోవును. అచ్చట పేరుకు బదులు ఒక సంఖ్య చాలును. విత్తనముల కాలమునకును, ఛట్‌పూజకును ఊరికి పోవువానికి మూడు నెలల మందు ఒక్కమారే కట్టి, ఏఆర్‌టీ రోగికి ఇచ్చునట్లు, ఏ ఊరి కేంద్రములోనైనను చెల్లు బదిలీ చీటీ నొకటి ఇయ్యవలెను. బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ చుట్టుపట్ల గల బస్తీ దవాఖానాలు రెండవ మెట్టుగా దీనిని చేపట్టవచ్చును. హమాలీ సంఘములవారును, వ్యాపారులును, ఈ కోరికపై సంతకములు చేసి వైద్యారోగ్యశాఖకు పంపవలెనని ప్రార్థన. వ్యాపారులను ప్రత్యేకముగా అడుగుచున్నాము, వారు మోయు మూటలు మీవే కదా.

ఉత్తర్వు వచ్చువరకు, ఈ కాగితము చేతబట్టినవారు తెలిసికొనవలసినది కొంత గలదు. ఐసీటీసీ అను పరీక్షా కేంద్రమున హెచ్‌ఐవీ పరీక్ష ఇప్పుడును ఉచితము, రహస్యము. నిరోధ్ ఉచితముగా దొరకును. నిన్నటి రాత్రి ప్రమాదము జరిగినదని భయపడువారు, బలాత్కారమునకు గురియైనవారు 72 గంటలు దాటకుండ, వీలైనచో కొన్ని గంటలలోనే, దవాఖానాకు పోయి వైద్యునితో సూటిగా చెప్పవలెను. 28 దినములు వాడు మందు వేరుగా గలదు. చదువరులు దీనిని చదువురానివారికి చదివి వినిపింపుడు. హిందీలోను తెలుగులోను సందేహములు తీర్చు ప్రభుత్వ ఉచిత టెలిఫోను సంఖ్య 1097.