ధర్మకర్తలు ఎవరికి జవాబుదారులు?

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపవాసులలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురం పొలిమేరలోని గరాచర్మలో, ఇరవై మందికి తగ్గకుండా పనివాళ్లున్న హోటల్లోనో గుత్తేదారు వద్దనో పనిచేసే తెలుగు కార్మికుని వేతనం నుంచి నెలనెలా 12 శాతం భవిష్యనిధికి జమ కావాలి. యజమాని మరో 12 శాతం చెల్లించాలి. ఆ సొమ్ము కార్మికునిదే. దానిపై నిర్ణయాధికారం మాత్రం ఆయనది కాదు.

1952 నాటి చట్టం ఆ అధికారాన్ని కేంద్ర ధర్మకర్తల మండలికి అప్పగించింది. కేంద్ర కార్మికమంత్రి దానికి అధ్యక్షుడు. కేంద్రం తరఫున ఐదుగురు, రాష్ట్రాల తరఫున పదిహేనుమంది, యజమానుల నుంచి పదిమంది, కార్మికుల నుంచి పదిమంది సభ్యులు. ఆ చివరి పదిమందిని కూడా సంఘాలను సంప్రదించి కేంద్రమే నియమిస్తుంది, కార్మికుడు ఎన్నుకోడు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి సైతం ఈ కూర్పును దాదాపు యథాతథంగా ఉంచింది. పదిహేను స్థానాలకు రాష్ట్రాలను ఎంపిక చేసేదీ కేంద్రమే. శాసనసభే లేని, లోక్‌సభకు ఒకే ఒక్క సభ్యుణ్ణి పంపే ద్వీపాల మాట ఆ మండలిలో ఎవరు వినిపించాలి?

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో 2016 తేటతెల్లం చేసింది. సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ అప్పుడు కార్మికమంత్రి, కనుక మండలి అధ్యక్షుడు కూడా. యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదని ఫిబ్రవరిలో ఉత్తర్వు వెలువడింది. ఏప్రిల్ 18, 19 తేదీలలో బెంగళూరు దుస్తుల కర్మాగారాల కార్మికులు, అత్యధికులు స్త్రీలే, రోడ్లను స్తంభింపజేశారు. 19వ తేదీననే ఉత్తర్వు రద్దయింది. అదే నెలలో మరో ముచ్చట: మండలి 8.8 శాతం వడ్డీ సిఫారసు చేస్తే ఆర్థికశాఖ దాన్ని 8.7కు కుదించింది. సంఘాలు భగ్గుమన్నాక మళ్లీ 8.8 అయింది. తన అధ్యక్షతన జరిగిన తీర్మానాన్ని సాటి మంత్రిత్వశాఖ కోసివేస్తే, ఆ కోతను లోక్‌సభకు నివేదించవలసి వచ్చింది పాపం దత్తాత్రేయకే!

రెండు సందర్భాలలోనూ నిధిని దారికి తెచ్చింది ధర్మకర్తలు కాదు, వీధి. బెంగళూరులో వేలమంది ఒక్కచోట గుమికూడగలరు. గరాచర్మలో పదీ ఇరవైమంది చొప్పున చెదిరివున్న పనివాళ్లకు ఆ వీధి కూడా లేదు.

పద్దులను కాగ్ తనిఖీ చేస్తుంది, వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వస్తుంది గదా అనే వాదన ఉంది. నిజమే. అయితే అది గడిచిన ఏటి లెక్క. నిర్ణయం జరిగే వేళ సభ్యునికి గొంతు ఇచ్చే ఏర్పాటు కాదు. కోట్లాదిమందితో ఎన్నిక అసాధ్యమనే మాట ఒకప్పుడు చెల్లింది. నేడు ప్రతి సభ్యునికీ యూఏఎన్ ఉంది, ఆధార్‌తో ముడిపడి ఉంది. సొమ్ము తీసుకోవడానికి సరిపోయే గుర్తింపు, పదిమంది కార్మిక ధర్మకర్తలను ఎన్నుకోవడానికి ఎందుకు చాలదు? మండలి సమావేశాల కార్యసూచిని ముందుగా, మినిట్స్‌ను తరువాత సభ్యుల భాషలలో వెలువరించడానికి చట్టసవరణ కూడా అక్కరలేదు.

2015 నుంచి ఈ నిధిలో కొంత భాగం ఈటీఎఫ్‌ల ద్వారా షేర్ మార్కెట్‌లోకి వెళుతున్నది. మార్కెట్ ఒడిదుడుకుల భారం కార్మికుల సొమ్ము మీదే. గరాచర్మ కార్మికుడు తన పాస్‌బుక్ తెరిస్తే జమలు, వడ్డీ కనిపిస్తాయి. ఆ పెట్టుబడికి ఓటు వేసిన ధర్మకర్త పేరు అందులో ఉండదు.